కెప్టెన్ నీళ్ళు మోసిన రోజు

బుకిట్ పంజాంగ్, సింగపూర్
మార్చి 9

అత్తా,

నువ్వు పెట్టిన షరతు ప్రకారం ఇదిగో ఉత్తరం. “ఫోనులో అయితే ‘బాగున్నాను’ అని పెట్టేస్తావు. కాగితం మీద రెండు పేజీలు నింపాలంటే ఎక్కడో ఒకచోట నిజం రాయక తప్పదు” అన్నావు కదా. సరే, మొదటి వాక్యంలోనే రాసేస్తున్నాను. ఆసుపత్రి ఉద్యోగం మానేశాను.

కంగారు పడకు. ఫిజియోథెరపీ మానలేదు. మోకాళ్ళు మార్పించుకున్న పెద్దవాళ్ళని నడిపించే పని వదిలేసి, మోకాళ్ళు విరగ్గొట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మగవాళ్ళ దగ్గర చేరాను. బెడోక్ హార్న్‌బిల్స్ అని ఇక్కడ కొత్తగా పెట్టిన రగ్బీ లీగ్ క్లబ్బు. ఆటే వాళ్ళ ఉద్యోగం. ఆరు దేశాల నుంచి ఆరు క్లబ్బులు, మార్చి నుంచి సెప్టెంబరు దాకా పోటీ. నాకు ఒక్క సీజన్‌కే కాంట్రాక్టు. పొడిగిస్తే ఉంటాను, లేకపోతే పెట్టె సర్దుకుని వైజాగ్ వచ్చేస్తాను. నాన్నకి చెప్తే, “అచ్చం మీ అత్త పోలికే” అని ఫోన్ పెట్టేశాడు. అది తిట్టో, మెచ్చుకోలో నువ్వే తేల్చు.

ఆట ఎలా ఉంటుందో చెప్తాను. జట్టుకి పదమూడుగురు. కోడిగుడ్డు ఆకారంలో బంతి. దాన్ని చంకలో పెట్టుకుని అవతలివాళ్ళ గీత దాటి నేలకి ఆనిస్తే నాలుగు పాయింట్లు, ఆ తర్వాత గోలు స్తంభాల మధ్యకి తంతే ఇంకో రెండు. మనిషి ముందుకి పరిగెత్తవచ్చు, కానీ బంతిని మాత్రం వెనక్కే విసరాలి. వాళ్ళు పట్టుకుని పడేస్తారు, లేచి మళ్ళీ ఆడాలి. ఆరుసార్లు పడేసేలోపు గీత చేరకపోతే బంతి వాళ్ళది. అంతే. చూస్తే మాత్రం పన్నెండు కబడ్డీ కోర్టులు ఒకేసారి తిరగబడినట్టు ఉంటుంది.

నిన్న మొదటి మ్యాచ్. నలభై – ఆరు. నలభై మనది కాదు.

కెప్టెన్ పేరు జోసేవా. ఫిజీ దేశంవాడు, ముప్పై మూడేళ్ళు. మెడ ఉండాల్సిన చోట కూడా భుజాలే ఉంటాయి. మొదటిరోజు నా బల్ల మీద కూర్చుని “నీలు” అన్నాడు. నీళ్ళు అడుగుతున్నాడని అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది, అడిగింది తెలుగులో అని అర్థం కావడానికి ఇంకో క్షణం పట్టింది. వాళ్ళ ఊళ్ళో పక్కింటి ముసలమ్మది తెలుగు కుటుంబమట. ఆమె పూర్వులు చెరకు తోటల్లో పనికి అక్కడికి వెళ్ళారట. ఆమె దగ్గర నేర్చుకున్న మాటలు పది ఉన్నాయి, వాటిలో ‘చెల్లి’ ఒకటి. ఇప్పుడు జట్టంతా నన్ను ‘చెల్లీ’ అనే పిలుస్తోంది. అది నా పేరనుకుంటున్నారు.

అన్నట్టు అత్తా, నువ్వు కబడ్డీ ఆడటం ఎందుకు మానేశావు? ఎప్పుడూ చెప్పలేదు.

నీ నందిత


సీతంపేట
మార్చి 21

నందూ,

తిట్టు కాదు, మెచ్చుకోలే. మీ నాన్నకి మెచ్చుకోవడం అలాగే వస్తుంది.

ఉత్తరం రెండుసార్లు చదివాను. స్కూల్లో మా కబడ్డీ పిల్లలకి ఒకసారి పైకి చదివి వినిపించాను. వాళ్ళ సందేహాలు ఇవి. ఒకటి, కూత లేకపోతే ఊపిరి ఎవరు లెక్కపెడతారు? రెండు, పడినవాడు ఔట్ కాకపోతే పడెయ్యడం దేనికి? మూడోది నాది. నలభై పాయింట్లు ఇచ్చేదాకా మీ కోచ్ ఏం చేస్తున్నాడు?

నీ పని గురించి ఒక్కటే చెప్తాను. నువ్వు ఇప్పుడు ఆటగాళ్ళ మధ్య ఉన్నావు. ఆటగాళ్ళు అమ్మకైనా నిజం చెప్తారు గానీ వైద్యం చేసేవాళ్ళకి చెప్పరు. ముప్పై ఏళ్ళుగా పీఈటీగా చూస్తున్నాను. మడమ బెణికిన పిల్ల నా ముందు నాట్యం చేసి చూపించి, మలుపు తిరగగానే గోడ పట్టుకుంటుంది.

వచ్చే ఏప్రిల్‌లో నా రిటైర్‌మెంటు. ఈలోగా ఈ పిల్లల్ని రాష్ట్ర పోటీలకి తీసుకెళ్ళాలని ఉంది.

ఆట మానెయ్యడానికి కారణం ఏముంటుంది? వయసు.

అత్త


బుకిట్ పంజాంగ్
జూన్ 15

అత్తా,

ఇరవై రెండేళ్ళకి మానేశావు. అదేం వయసు? సరే, అడగనులే.

మేము గెలుస్తున్నాం! వరసగా మూడు ఓడాక నాలుగు గెలిచాం. మా కోచ్ గ్రెగ్ ఆస్ట్రేలియావాడు. గెలిచినా ఓడినా ఒకే మొహం పెడతాడు, పన్ను నొప్పి ఉన్నవాడిలా. నిన్న మాత్రం హాంకాంగ్ జట్టు మీద ఆఖరి నిమిషంలో గెలిస్తే అతని మొహంలో నొప్పి ఒక పన్ను నుంచి ఇంకో పన్నుకి మారింది. అది నవ్వని మిస్ టాన్ చెప్పింది. మిస్ టాన్ మా మేనేజరు. టికెట్లు, బస్సులు, తిండి, తిట్లు అన్నీ ఆవిడవే. నన్ను చూసినప్పుడల్లా, “నందితా, యూ ఈట్ ఫస్ట్ లా, లేటర్ నో టైమ్” అంటుంది. ఆ ‘లా’ ఇక్కడివాళ్ళు ప్రతి మాటకీ తగిలించే తోక. ఒక్కరోజు కూడా ఆ మాట తప్పలేదు, నిజంగానే తర్వాత టైము ఉండదు.

మ్యాచ్ అయ్యాక అందరం బెడోక్ హాకర్ సెంటర్‌కి, అంటే తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటికి వెళ్ళాం. నా రూమ్‌మేట్ అమూల్య తెలుసుగా, చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూస్తుంది. ముందే వెళ్ళి నాలుగు టేబుళ్ళ మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసింది. ఇక్కడ టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ టేబులు మనదైపోయినట్టే. ఎవరో అంకుల్ వచ్చి, “వన్ గర్ల్, ఫోర్ టేబుల్?” అని పోట్లాటకి దిగాడు. అప్పుడే వెనకనుంచి మావాళ్ళు పదిహేనుమంది వచ్చారు. అంకుల్ ఐదో టేబులు కూడా ఖాళీ చేసి ఇచ్చాడు.

జోసేవాకి ఇదే ఆఖరి సీజన్. పధ్నాలుగేళ్ళు ఆడాడు, ఏ జట్టుతోనూ కప్పు గెలవలేదట. భార్య మెరే, ఏడేళ్ళ కూతురు ఇంతవరకు అతని మ్యాచ్ మైదానంలో కూర్చుని చూడనే లేదు. ఫైనల్‌కి చేరితే రప్పిస్తానన్నాడు. రోజూ నా బల్ల మీద పడుకుని, “చెల్లీ, ఈ భుజం ఇంకో పన్నెండు వారాలు పనిచేస్తే చాలు. తర్వాత దీన్ని నువ్వే ఉంచుకో” అంటాడు.

నందిత


సీతంపేట
జూన్ 27

నందూ,

ఇక్కడ ఒక ప్రమాదం జరిగింది. మా పిల్లలు నీ ఆట ఆడి తీరతామన్నారు. కోడిగుడ్డు ఆకారం బంతి ఎక్కడ దొరుకుతుంది? ప్రిన్సిపాల్ గారి పెరట్లో పచ్చి బొప్పాయి ఉంది. ఆవిడ మీటింగ్‌కి వెళ్ళిన రోజు చూసి కోశారు. పదమూడు – పదమూడు నిలబడ్డారు. నేను రిఫరీని. ముందుకి విసరకూడదని అరిచి అరిచి గొంతు పోయింది. నాలుగోసారి పడేసేసరికి బొప్పాయి రెండు ముక్కలై, రెండు జట్లూ చెరో ముక్క పట్టుకుని చెరో గీతా దాటేశాయి. అప్పుడే ప్రిన్సిపాల్ గారి జీపు లోపలికి వచ్చింది.

ఆవిడ నన్ను పిలిచి, “అరుంధతి గారూ, మీరు ఏప్రిల్‌లో రిటైరవుతారా, ఇంకా ముందే అవుతారా?” అని అడిగారు. మర్నాడు మధ్యాహ్నం భోజనంలో బొప్పాయి కూర వేశారు.

మీ జోసేవాకి నా తరపున చెప్పు. కప్పు లేకపోయినా పధ్నాలుగేళ్ళు ఆడినవాడు అదృష్టవంతుడు.

అత్త


బుకిట్ పంజాంగ్
ఆగస్టు 24

అత్తా,

ఫైనల్‌కి వచ్చాం!

నిన్న సెమీఫైనల్ పదహారు – పద్నాలుగు. హాంకాంగ్ వాళ్ళ మీదే. రెండు పాయింట్ల తేడా, ఆఖరి ఏడు నిమిషాలు వాళ్ళు మా గీత మీదే ఉన్నారు. మావాళ్ళు ఒకరి మీద ఒకరు పడి ఆపారు. విజిల్ వేశాక మిస్ టాన్ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి గెంతింది, కుర్చీ విరిగింది, ఆవిడకి ఏం కాలేదు. అమూల్య గొంతు పోయింది. గ్రెగ్ నవ్వాడు. ఈసారి పళ్ళు కనిపించాయి. క్లబ్బు పుట్టిన మొదటి ఏడాదే ఫైనలంటే పేపరువాళ్ళు కూడా వచ్చారు. ఫైనల్ సెప్టెంబరు 13, ఇక్కడే, మా మైదానంలోనే. అవతల పోర్ట్ మోర్స్‌బీ జట్టు. టికెట్లు అప్పుడే సగం అయిపోయాయి.

బస్సులో అందరూ పాడుతూనే ఉన్నారు. నాకు రాని భాషల్లో నేను కూడా పాడాను.

ఇంకేం రాయను? అంతా సంతోషమే.

నందిత


సీతంపేట
సెప్టెంబరు 1

నందూ,

గెలిచినందుకు సంతోషం. పిల్లలు ఈలలు వేశారు.

ఇప్పుడు నిజం చెప్పు. మార్చి నుంచి నీ ప్రతి ఉత్తరంలోనూ జోసేవా ఉన్నాడు. అతను కెప్టెన్. జట్టు ఫైనల్‌కి వచ్చింది, అతని భార్యాబిడ్డలు వచ్చే సమయం వచ్చింది. ఈ ఉత్తరంలో విరిగిన కుర్చీ ఉంది, మీ కోచ్ పళ్ళు ఉన్నాయి, అతను మాత్రం లేడు. “అంతా సంతోషమే” అని రాసేవాళ్ళకి అంతా సంతోషంగా ఉండదు.

ఏం జరిగింది?

అత్త


బుకిట్ పంజాంగ్
సెప్టెంబరు 8

అత్తా,

నీ ఉత్తరం ఇవాళ అందింది.

సెమీఫైనల్లో ఆఖరి ఏడు నిమిషాలు వాళ్ళు మా గీత మీదే ఉన్నారని రాశాను కదా. అంతకు ముందు జోసేవా ఒకణ్ణి పట్టబోతే వాడి తుంటి ఎముక ఇతని కణతకి తగిలింది. లేచాడు. లేచి, అవతలి జట్టు వరసలోకి వెళ్ళి నిలబడ్డాడు. రెండు సెకన్లు. తర్వాత తేరుకుని మనవైపు వచ్చాడు. ఎవరూ గమనించలేదు, నీళ్ళ సీసాతో పక్కనే ఉన్న నేను తప్ప. రూలు ఏమిటంటే, తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, నేను చెయ్యెత్తాలి. అతను బయటికి రావాలి. డాక్టరు పదిహేను నిమిషాలు పరీక్ష చెయ్యాలి. నేను “స్కోరెంత?” అని అడిగాను. “పదహారు పద్నాలుగు. తప్పుకో చెల్లీ” అన్నాడు. నేను చెయ్యి ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదంటే, నాకూ గెలవాలని ఉంది.

ఆ తర్వాత రెండు వారాలు అతను నల్లకళ్ళద్దాలు పెట్టుకునే తిరిగాడు. కంటికి ఎలర్జీ అన్నాడు, నమ్మాను. నమ్మాలనుకున్నాను కాబట్టి నమ్మాను. నిన్న బల్ల మీద పడుకుని, “మెరే ఫ్లైటు ఎన్నింటికి?” అని అడిగాడు. గురువారం పొద్దున్న పదింటికి అన్నాను. ఐదు నిమిషాలకి మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. మూడోసారి అడిగినప్పుడు నా చేతులు ఆగిపోయాయి.

“అన్నా, నీకు తలనొప్పి ఎప్పటినుంచి?”

లైటు ఆర్పమన్నాడు. “ఒక్క మ్యాచ్ చెల్లీ. ఎనభై నిమిషాలు. ఆ తర్వాత పడుకోవడానికి జీవితమంతా ఉంది. డాక్టరుకి చెప్పకు. నా కూతురు మొదటిసారి చూడబోతోంది” అన్నాడు. బండరాయిలాంటి మనిషి, అత్తా. ఏడ్చాడు.

అతను లేకపోతే జట్టు లేదు. అందరికీ తెలుసు. నేను చెప్తే మొదట బయటపడేది నా తప్పే, చెయ్యి ఎత్తనిది నేనే కాబట్టి. వచ్చే ఏడాది ఇక్కడ ఉంటానో లేదో కూడా దాని మీదే ఉంది.

నీకు ఫోన్ చేద్దామని రెండుసార్లు తీశాను. చెయ్యలేదు. నీ గొంతు వింటే నువ్వు చెప్పినట్టు చేసేస్తాను. ఇది నాకై నేను తేల్చుకోవాల్సింది. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఏదో ఒకటి అయిపోయి ఉంటుంది.

నందిత


బుకిట్ పంజాంగ్
సెప్టెంబరు 14

అత్తా,

రాసి ఇచ్చాను. మంగళవారం పొద్దున్నే డాక్టరు చేతికి రిపోర్టు ఇచ్చాను. సెమీఫైనల్లో చూసింది, చెయ్యి ఎత్తకపోవడం, మూడుసార్లు అడిగిన ప్రశ్న, అన్నీ రాశాను. డాక్టరు జోసేవాని గంటసేపు చూసి, ఈ ఏడాది ఇక ఆడకూడదని సంతకం పెట్టాడు.

గ్రెగ్ నన్ను గదిలోకి పిలిచాడు.

“రాసేముందు నాతో ఒక్క మాట చెప్పాల్సింది.”

“చెప్తే రాయనిచ్చేవాళ్ళా?”

వేలితో బల్ల మీద కొడుతూ కిటికీ వైపు చూశాడు. నేను వచ్చేశాను.

బుధవారం నా బల్ల దగ్గరికి ఒక్కరూ రాలేదు. కాళ్ళకి పట్టీలు ఎవరికి వాళ్ళే కట్టుకున్నారు. ఒకడు మడమకి కట్టిన కట్టు చూస్తే పార్సిల్ ఆఫీసులో కట్టించుకున్నట్టు ఉంది. నవ్వు రాలేదు. జోసేవా అసలు కనిపించలేదు. మిస్ టాన్ మాత్రం చికెన్ రైస్ పొట్లం తెచ్చి నా ముందు పెట్టి, ఎప్పటిలాగే “ఈట్ ఫస్ట్ లా” అంది. అప్పుడు ఏడుపొచ్చింది.

గురువారం మధ్యాహ్నం తలుపు ధడాల్న తెరుచుకుంది. ఒకావిడ, వెనక జోసేవా, అతని వెనక చిన్న పిల్ల. అతనెంత పొడుగో ఆవిడా దాదాపు అంతే. మెరే అని చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోయింది. అతణ్ణి నా ముందు నిలబెట్టి, జట్టంతా వింటుండగా వాళ్ళ భాషలో మొదలుపెట్టింది. ఒక్క ముక్క అర్థం కాలేదు, మొత్తం అర్థమైంది. అతను తలొంచుకుని “అవును, అవును” అంటున్నాడు. కూతురు మాత్రం తీరిగ్గా నా పట్టీల చుట్ట విప్పుకుని చేతికి చుట్టుకుంటోంది. చివరికి ఆవిడ నావైపు తిరిగి ఇంగ్లీషులో, “ఇతను నాకు కావాలి. కప్పు అక్కర్లేదు. థాంక్యూ” అంది. ఆ సాయంత్రానికి ఒక్కొక్కళ్ళే వచ్చి, ఏమీ జరగనట్టు నా బల్ల మీద కాలు పెట్టారు. పార్సిల్ కట్టువాడు అందరికన్నా ముందు వచ్చాడు.

నిన్న ఫైనల్. స్టేడియం నిండిపోయింది. బట్టలు మార్చుకునే గదికి నేను సీసాల పెట్టెలకోసం వెళ్ళేసరికి అవి లేవు. చూస్తే జోసేవా. నల్లకళ్ళద్దాలు, నీళ్ళవాళ్ళు వేసుకునే పసుప్పచ్చ జాకెట్టు, రెండు చేతులా రెండు పెట్టెలు. జాకెట్టు బొత్తాలు పట్టలేదు.

“డాక్టరు పరిగెత్తొద్దన్నాడు, నడవొద్దనలేదు” అన్నాడు. “నేను గీత దగ్గర నిలబడి అందిస్తా. నువ్వు పరిగెత్తు, చెల్లీ.”

కెప్టెన్ నీళ్ళ పెట్టెలు మోసుకుంటూ మైదానం పక్కకి వస్తుంటే జనం ముందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత లేచి నిలబడ్డారు. అత్తా, ఆ చప్పట్లు నేనెప్పుడూ వినలేదు.

ఆట మాత్రం ఘోరం. సగం అయ్యేసరికి ఇరవై – ఆరు, వాళ్ళదే పైచేయి. జోసేవా స్థానంలో ఆడిన ఫర్హాన్ ఇక్కడివాడే, తంపినీస్ కుర్రాడు. పట్టిన బంతి పట్టినట్టే జారవిడుస్తున్నాడు. అంతలో పిడుగుల సైరన్ మోగింది. ఇక్కడ ఆ సైరన్ మోగితే ఎంత పెద్ద ఆటైనా ఆపాల్సిందే. అరగంటసేపు వాన. అందరూ షెడ్డులో తడిసిన కోళ్ళలా కూర్చున్నారు. జోసేవా ఫర్హాన్ పక్కన కూర్చుని, “నా ఆట ఎందుకు ఆడుతున్నావు? నువ్వు నాలో సగం ఉంటావు. నీ ఆట ఆడు, దూరిపో” అన్నాడు.

దూరాడు. వాన వెలిశాక బురదలో ఆ కుర్రాడు వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి చేపలా జారిపోయాడు. పన్నెండు పాయింట్లు తెచ్చాం. ఇరవై – పద్దెనిమిది. ఆఖరి నిమిషం, ఆఖరి పట్టు. ఫర్హాన్ చెయ్యి చాచాడు, బంతికీ గీతకీ మధ్య నీ జాన ఒకటి పట్టేంత దూరం. విజిల్ పడింది.

ఓడిపోయాం.

జోసేవా ఉంటే గెలిచేవాళ్ళమా? గెలిచేవాళ్ళమే. ఆ సంగతి నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. అయినా మళ్ళీ మంగళవారం వస్తే మళ్ళీ అదే రాస్తాను. ఈసారైతే సెమీఫైనల్లోనే చెయ్యెత్తుతాను.

అందరూ వెళ్ళాక ఖాళీ సీసాలు ఏరుతుంటే గ్రెగ్ వచ్చాడు. పన్ను నొప్పి మొహం. ఒక సీసా తీసి చూసి, “ఇవి పాతబడ్డాయి. వచ్చే సీజన్‌కి కొత్తవి తెప్పించాలి. నీకే రంగు కావాలి?” అన్నాడు.

అది నా కాంట్రాక్టు సంగతని తెలియడానికి ట్రెయిన్లో ఆరు స్టేషన్లు పట్టింది. అమూల్య చెప్తే తెలిసింది.

నందిత


సీతంపేట
సెప్టెంబరు 17

నందూ,

నీ 8వ తేదీ ఉత్తరం నిన్న వచ్చింది. ఏం చేశావో నాకింకా తెలియదు. ఏం చేసినా నీ మీద నాకు కోపం లేదు. ఎందుకు లేదో రాస్తాను. ఇది మీ నాన్నకి కూడా తెలియదు.

నాకు ఇరవై రెండేళ్ళు. మా కాలేజీ కబడ్డీ జట్టుకి నేను కెప్టెన్‌ని. మా రైడరు శ్రీలేఖ. హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది, ఒకే దుప్పటి, ఒకే పచ్చడి సీసా. ఫైనల్లో ఆమెని పట్టి పడేసినప్పుడు తల కోర్టు అంచున ఉన్న సిమెంటు గట్టుకి కొట్టుకుంది. లేచి నన్ను, “మన కోర్టు ఎటే?” అని అడిగింది. మా సారు దూరం నుంచి, “ఏమ్మా, బాగుందా?” అని అరిచారు. నేను “బాగుంది సార్” అన్నాను. ఆమె లేకపోతే గెలవం. ఆ తర్వాత ఇంకో రెండు రైడ్లు పంపాను. రెండోదానిలో ఎవరూ తాకకుండానే పడిపోయింది. గెలిచాం.

ఆరు నెలలు తలనొప్పులు. పరీక్షలు రాయలేకపోయింది, చదువు ఆగిపోయింది. ఆ కప్పు సర్టిఫికెట్టుతో నాకు వ్యాయామ కళాశాలలో సీటు వచ్చింది. ఈ ఉద్యోగం ఆ సీటు వల్ల వచ్చిందే. ఊరెళ్ళాక ఆమె నాకు రెండు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికీ జవాబు రాయలేదు. ఏమని రాయను? తర్వాత ఆట ఆడటానికి కోర్టులో కాలు పెడితే అడుగు పడేది కాదు. వయసు అని నీకు అబద్ధం రాశాను.

శ్రీలేఖ బొబ్బిలి దగ్గర ఉంటోందని విన్నాను. ఇక్కడికి రెండు బస్సుల దూరం. ముప్పై అయిదేళ్ళు అయింది.

నువ్వు చెయ్యి ఎత్తలేదని నీ అంతట నువ్వు రెండు వారాల్లో ఒప్పుకున్నావు. నాకింత కాలం పట్టింది.

అత్త


బుకిట్ పంజాంగ్
సెప్టెంబరు 25

అత్తా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఈపాటికి నాది చదివి ఉంటావు.

నీది చదివి నేనేం అనుకున్నానో ఇక్కడ రాయను. మనిద్దరం ఎదురెదురుగా కూర్చున్నప్పుడు చెప్తాను. ఇప్పుడు ఒక్కటే చెప్తాను. నేను రిపోర్టు ఇచ్చిన రోజు కూడా భయపడ్డాను, ఇచ్చాక కూడా భయపడ్డాను. మెరే తలుపు తోసుకుని వచ్చేదాకా అంతా చీకటే అనుకున్నాను.

రెండు బస్సులేగా. ఎక్కు.

ఫోన్ చెయ్యకు. ఆవిడ ‘బాగున్నాను’ అని పెట్టేస్తుంది.

నందిత


బొబ్బిలి
అక్టోబరు 7

నందూ,

ముప్పై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి నాలుగు రోజులు సెలవు పెట్టాను. ప్రిన్సిపాల్ గారు ఆరోగ్యం బాగుందా అని అడిగారు.

శ్రీలేఖకి ఇక్కడ మొక్కల నర్సరీ ఉంది. నాలుగెకరాలు మామిడి, జామ, సపోటా. గేటు దగ్గర నిలబడితే నన్ను ఎవరో మొక్కలు కొనడానికి వచ్చినామె అనుకుంది. పేరు చెప్పాను. చేతిలో నీళ్ళ గొట్టం అలాగే పట్టుకుని నా కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ నిలబడిపోయింది. నేను దారి పొడుగునా వల్లెవేసుకున్నదంతా చెప్పేశాను. సిమెంటు గట్టు, సారు, రెండు రైడ్లు.

“అదేటే?” అంది. “ఆ దెబ్బ ఆర్నెల్లకే తగ్గిపోనాది. నువ్వు ఒద్దన్నా నాను ఆడేదాన్ని. నన్నాపడానికి నువ్వెవులివే?”

అమ్మయ్య అనుకున్నాను. అప్పుడు గొట్టం కింద పడేసింది.

“ఉత్తరాలేవే? రెండు రాసినాను. మంచం మీద పడి, కళ్ళు తిరుగుతుంటే, ఒక్కో అచ్చరం వొత్తి వొత్తి రాసినాను. పోస్టుమేను కోసం ఎన్నాళ్ళు సూసినానో నీకు తెల్సా? ఆట పోనాదని ఏడవనేదు. నువ్వు పోనావని ఏడిసినాను.”

అదీ నేను చేసింది. తలకి తగిలిన దెబ్బ గురించి ముప్పై అయిదేళ్ళు కుమిలిపోయాను, అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియకుండానే. గేటు దగ్గరే ఇద్దరం కూర్చుని ఏడ్చాం. మొక్కలు కొనడానికి నిజంగా వచ్చినవాళ్ళు చూసి వెనక్కి వెళ్ళిపోయారు. తర్వాత నాకు శిక్ష వేసింది. మూడు రోజులుగా మట్టి సంచులు నింపుతున్నాను. నడుము విరిగింది. ఇంత హాయిగా నేనెప్పుడూ లేను.

నువ్వు పంపిన ఫైనల్ మ్యాచ్ వీడియో వాళ్ళ టీవీలో పెట్టించుకుని చూశాం. ఫర్హాన్ చెయ్యి చాచినప్పుడు శ్రీలేఖ నా జబ్బ గిల్లిన చోట ఇంకా కమిలే ఉంది. మిగతాది తనే రాస్తుందట. కాగితం లాక్కుంటోంది.

అమ్మా నందితా, నేను శ్రీలేఖని. మీ అత్త సెలవు ఇంకో వారం పొడిగించాం, ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఒక తగవు ఉంది. నువ్వు ఆటల మనిషివి, తీర్పు నువ్వే చెప్పాలి. నిన్న సాయంత్రం జామ మొక్కల మధ్య ఖాళీ జాగాలో గీత గీసి ఇద్దరం ఆడాం. ఈ వయసులో మీ అత్త ఇంకా బాగానే కూత పెడుతోంది. చీర దోపుకుని నామీదికి వచ్చింది. మడమ పట్టుకున్నాను. ఇద్దరం పోయి పేడ ఎరువు కుప్పలో పడ్డాం. అది ఔటు. ఆవిడ ఒప్పుకోవడం లేదు. పట్టుకునే సరికే గీత దాటేశానంటోంది. మా పనివాళ్ళు ఆరుగురూ చూశారు, ఆరుగురూ ఔటే అన్నారు. న్యాయంగా చెప్పు.

నందూ, ఆ ఆరుగురికీ కూలి ఇచ్చేది ఈవిడే. అది దృష్టిలో పెట్టుకో.

అత్త